కల్లం నుండి ఆరాధనకు: ఉత్తర తెలంగాణ క్రైస్తవ సంఘాల్లో కానుక, ఆతిథ్యం

కీలకపదాలు: హుస్నాబాద్, పాస్టరేట్, పిడికెడు బియ్యం, కోతకాల పండుగ, ప్రేమవిందు, అజరయ్య.

1. ఉపోద్ఘాతం

ఇంటికి వచ్చినవారికి కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెట్టడం, ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయడం తెలంగాణ పల్లె జీవితంలో స్థిరపడిన ఆచారాలు. ఇచ్చిపుచ్చుకోవడం ద్వారానే బంధుత్వం నిలుస్తుందన్న భావన వీటికి మూలం. ఈ ప్రాంతపు క్రైస్తవ సంఘాలు ఆ భావనను రక్తసంబంధం, కులం అనే హద్దులు దాటించే ప్రయత్నం చేశాయి.

హుస్నాబాద్ 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సిద్దిపేట జిల్లాలో చేరిన మెట్టప్రాంత పట్టణం. ఇటువంటి పట్టణం కేంద్రంగా, ఒక గురువు పర్యవేక్షణలో ఉండే పట్టణ, గ్రామ సంఘాల సముదాయాన్ని దక్షిణ ఇండియా సంఘంలో పాస్టరేట్ అంటారు. వేర్వేరు ఊళ్లవారిని, వేర్వేరు కులాల నుండి వచ్చినవారిని ఒక సమాజంగా కలపడంలో విశ్వాసంతోపాటు కానుక, ఆతిథ్యం నిర్వహించిన పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. చారిత్రక నేపథ్యం

ఉత్తర తెలంగాణ సంఘాల వెనుక రెండు మిషనరీ సంప్రదాయాలున్నాయి. 19వ శతాబ్ది చివరి దశకాల్లో వెస్లియన్ మెథడిస్టులు హైదరాబాదు నుండి కరీంనగర్, మెదక్ ప్రాంతాలకు విస్తరించారు. ఆగ్నేయాన డోర్నకల్ కేంద్రంగా ఆంగ్లికన్ సంప్రదాయం బలపడింది. తిరునల్వేలి ప్రాంతం నుండి 1909లో డోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడంతో ఈ రెండు ధారలు ఏకమయ్యాయి. 1978లో కరీంనగర్ ప్రత్యేక అధ్యక్ష ఖండమైంది.

ఈ సంఘాల్లో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. వెట్టిచాకిరి సాగిన నిజాం కాలపు పల్లెల్లో వీరి శ్రమకు ప్రతిఫలం తరచుగా కల్లం వద్ద కొలిచి ఇచ్చే గింజలే. కొలిచే చేయి ఆసామిది, పట్టే కొంగు కూలీది. ఊరి వ్యవస్థలో వీరు పుచ్చుకునేవారే తప్ప నలుగురి ముందు ఇచ్చేవారుగా గుర్తింపు పొందలేదు. సంఘంలో కానుకకు ఏర్పడిన ప్రాధాన్యాన్ని ఈ నేపథ్యంలోనే గ్రహించాలి.

3. పిడికెడు బియ్యం

మిషన్ల తొలిదశలో సహాయం పైనుండి కిందికే ప్రవహించింది. పోస్నెట్ సారథ్యంలో నిర్మితమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి నిర్మాణం, కరువు రోజుల్లో పనిచేసినవారికి తిండి చూపింది. ఆ సహాయం ప్రాణాలు నిలిపింది. కాని దాత, గ్రహీత స్థానాలు మారలేదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య ఈ లోపాన్నే ఎత్తిచూపారు. విదేశీ మిషనరీల త్యాగాన్ని గౌరవిస్తూనే, వారి నుండి భారతీయులు కోరుతున్నది స్నేహమని స్పష్టం చేశారు.

డోర్నకల్‌లో ఆయన ప్రోత్సహించిన కానుకల పద్ధతి ఇందుకు ఆచరణరూపం. వంటకు బియ్యం తీసే ప్రతిసారీ గృహిణి ఒక పిడికెడు వేరుగా ఉంచుతుంది; కూడిన బియ్యాన్ని సంఘానికి అర్పిస్తుంది. దీనికి నగదు అవసరం లేదు, భర్త అనుమతితో పనిలేదు. కూలి ఇంటి స్త్రీ సైతం సంఘ పోషణలో భాగస్వామి అవుతుంది. మార్కు సువార్త 12వ అధ్యాయంలోని పేద విధవరాలి రెండు కాసుల వృత్తాంతం ఈ ఆచారానికి అర్థాన్నిచ్చింది. ఇచ్చినదాని పరిమాణం కంటే, ఇచ్చిన మనిషి స్థితి అక్కడ ప్రమాణం.

4. కోతకాల పండుగ

లేవీయకాండం 23వ అధ్యాయంలోని ప్రథమ పన అర్పణ, తెలుగు రైతు తొలి పంట పట్ల చూపే భక్తి కోతకాల పండుగలో కలిశాయి. వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకలు ఆరాధన స్థలానికి చేరతాయి. అర్పించినవాటిని అనేక సంఘాల్లో వేలం వేస్తారు. ఒకరు తెచ్చిన కోడిని మరొకరు బజారు ధరకు మించి పాడుకుంటారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు కానుకలో ఇమిడి ఉంటాయని 1925లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో మార్సెల్ మోస్ ప్రతిపాదించారు. ఇక్కడ తిరిగి ఇవ్వడం దాతకు కాక సంఘానికి జరుగుతుంది. అందువల్ల ఎవరూ ఎవరికీ వ్యక్తిగతంగా రుణపడరు.

5. ఆతిథ్యం

పండుగనాడు చుట్టుపక్కల గ్రామ సంఘాలవారు కేంద్ర సంఘానికి అతిథులవుతారు. గురువు పల్లెకు వెళ్లినప్పుడు ఆ పల్లె ఆతిథేయి అవుతుంది. అంటరానితనం పాటించిన ఊళ్లలో ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారన్నదే మనిషి స్థానాన్ని నిర్ణయించేది. అటువంటి చోట దళితవాడ ఇల్లాలు అందించిన నీళ్లను, అన్నాన్ని బయటి నుండి వచ్చిన పెద్ద స్వీకరించడం మర్యాదకు మించిన సామాజిక చర్య. ఆరాధన తరువాతి ప్రేమవిందులో ఒకే పంక్తిన కూర్చోవడం మాల, మాదిగల మధ్య ఉన్న ఎడాన్ని కూడా ప్రశ్నించింది.

6. పరిమితులు

ఈ ఐక్యత సంపూర్ణం కాదు. మెదక్ ప్రాంత గ్రామ సంఘాలపై పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం క్రైస్తవ జీవితంలోనూ కులం కొనసాగడాన్ని నమోదు చేసింది. కానుకలోనూ ప్రమాదముంది. వేలంలో ఎక్కువ పాడినవారికే గౌరవం దక్కితే, పిడికెడు బియ్యం తెచ్చిన స్త్రీ మళ్లీ వెనుక వరుసకు చేరుతుంది. సంపన్నులు తిని పేదలు పస్తున్న విందును 1 కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో పౌలు నిలదీసింది ఇటువంటి వైరుధ్యం గురించే.

7. ముగింపు

ఉత్తర తెలంగాణ పాస్టరేట్‌లలో కానుక నిధిసేకరణకు, ఆతిథ్యం మర్యాదకు పరిమితం కాలేదు. కల్లం వద్ద కొంగుపట్టి అందుకున్న గింజనే పేదలు తమ చేతులతో అర్పించారు. పంక్తికి దూరంగా ఉంచబడినవారే పంక్తి వేసి వడ్డించారు. పుచ్చుకునే స్థానం నుండి ఇచ్చే స్థానానికి జరిగిన ఈ మార్పే సంఘానికి ఐక్యతనిచ్చింది. కనుక ఒక సంఘపు ఐక్యతను అంచనా వేయడానికి కానుకల మొత్తం చాలదు. అక్కడ ఎవరికి ఇచ్చే అవకాశం ఉంది, ఎవరి ఇంట అందరూ తింటున్నారు అన్న ప్రశ్నలు కూడా పరిశోధకులు వేసుకోవలసి ఉంటుంది.