కొత్త సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్, పాత నెట్‌వర్క్ కార్డు: పొసగని చోట్ల ఒక పరిశీలన

ప్రస్తావన

2024 జూన్ 30తో సెంటాస్ 7కు భద్రతా సవరణలు ఆగిపోయాయి. దాదాపు దశాబ్ద కాలం ఎన్నో విశ్వవిద్యాలయ విభాగాలు, పరిశోధనశాలలు తమ సర్వర్లను దానిమీదే నడిపాయి. కొత్త యంత్రం కొనే వెసులుబాటు లేని చోట మిగిలిన మార్గం ఒకటే: ఉన్న యంత్రం మీదనే రాకీ లినక్స్, ఆల్మాలినక్స్, డెబియన్, ఉబుంటు వంటి వాటిలో ఏదో ఒకదాని కొత్త కూర్పును స్థాపించడం. ఆ పనిలో అవరోధం తరచుగా ప్రాసెసర్ దగ్గరో జ్ఞాపకశక్తి దగ్గరో కాక, ఎవరూ అంతగా పట్టించుకోని నెట్‌వర్క్ కార్డు దగ్గర ఎదురవుతుంది. స్థాపన పూర్తవుతుంది, తెరమీద లాగిన్ కనిపిస్తుంది, నెట్‌వర్క్ మాత్రం ఉండదు. డ్రైవర్ దింపుకోవడానికి నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్ రావడానికి డ్రైవర్ కావాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

సొంత బల్లమీది కంప్యూటర్‌కు ఈ స్థితి చిన్న చికాకు మాత్రమే. సర్వర్ విషయం వేరు. అది తాళం వేసిన గదిలో, ఒక్కొక్కసారి వేరే ఊరిలో ఉంటుంది, దాన్ని చేరుకునే దారి నెట్‌వర్కే. పరిశోధకుల దత్తాంశం, విద్యార్థుల ప్రయోగ ఫలితాలు డిస్కుమీద భద్రంగానే ఉన్నా ఎవరికీ అందవు. కాబట్టి ఈ పొసగకపోవడం ఏ ఏ రూపాలలో వస్తుందో, దానికి మూలం ఎక్కడ ఉందో స్థాపనకు ముందే తెలిసి ఉండటం అవసరం.

కార్డును కెర్నెల్ గుర్తించే తీరు

పీసీఐ మార్గానికి తగిలించిన ప్రతి పరికరమూ తనలో రెండు సంఖ్యలను దాచుకొని ఉంటుంది. ఒకటి తయారీదారు సంఖ్య, రెండవది పరికర సంఖ్య. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086. 1978లో ఆ సంస్థ విడుదల చేసిన ప్రాసెసర్ పేరు కూడా అదే. ఇంటెల్ ఐ350 అనే ఒక గిగాబిట్ కార్డు 8086:1521 అని తనను తాను చెప్పుకుంటుంది. లినక్స్‌లో ‘ఐజీబీ’ అనే డ్రైవర్ తాను నడపగల కార్డుల సంఖ్యలను ఒక పట్టికగా తన వెంట ఉంచుకుంటుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు కార్డు చెప్పిన సంఖ్య ఏ పట్టికలో ఉన్నదో చూసి, ఆ డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి ఎక్కిస్తారు. సంఖ్య పట్టికలో లేకపోతే, ఆ కార్డును నడపగల కోడ్ అక్షరం తేడా లేకుండా ఉన్నప్పటికీ, కార్డు అపరిచితమే.

ఇందువల్ల కార్డుమీద అచ్చైన పేరు నమ్మదగిన ఆధారం కాదు. ‘ఇంటెల్ కార్డే కదా’ అన్న భరోసా చాలదు. ఆ ఒక్క సంస్థ ఈథర్నెట్ కార్డులకే లినక్స్‌లో ‘ఈ1000’, ‘ఈ1000ఈ’, ‘ఐజీబీ’, ‘ఐజీసీ’, ‘ఐఎక్స్‌జీబీఈ’, ‘ఐ40ఈ’ అని వేర్వేరు డ్రైవర్లు ఉన్నాయి. ఇక పేరు, యాజమాన్యం కలవని సందర్భాలు మరింత తికమక పెడతాయి. బ్రాడ్‌కామ్ నెట్‌ఎక్స్‌ట్రీమ్-2 శ్రేణిలోని 10 గిగాబిట్ కార్డుల వ్యాపారం 2014లో క్యూలాజిక్‌కు, ఆ క్యూలాజిక్ 2016లో కేవియం చేతికి, కేవియం 2018లో మార్వెల్ చేతికి వెళ్ళాయి. కార్డుమీద బ్రాడ్‌కామ్ అని చదివి ఆ సంస్థ దగ్గర డ్రైవర్ వెతికేవారికి అది దొరకదు.

కెర్నెల్ సంఖ్యను బట్టి నిర్ణయించడమూ అంతే ప్రమాదకరం. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లోని కెర్నెల్ ఎన్ని నవీకరణలు వచ్చినా 4.18 అనే చెప్పుకుంటుంది. కాని తరువాతి కెర్నెల్‌లలో వచ్చిన డ్రైవర్ మార్పులను వెనక్కి తెచ్చి అందులో కలుపుతూ వచ్చారు. కాబట్టి 4.18 అన్న అంకె చూసి ‘ఈ కార్డు తరువాత వచ్చింది, పనిచేయదు’ అనుకోవడమూ తప్పు కావచ్చు. అంతకంటె పెద్ద సంఖ్య చూసి ‘కొత్తది గదా, అన్నీ ఉంటాయి’ అనుకోవడమూ తప్పు కావచ్చు.

ఉన్నదాన్ని తీసివేయడం

ఈ రెండవ పొరపాటే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. కొత్త వ్యవస్థ అంటే పాతదానికి అదనమే తప్ప తరుగుదల ఉండదన్న భావన సహజమైనదే గాని నిజం కాదు. సంవత్సరాల తరబడి మద్దతు ఇస్తామని మాట ఇచ్చే సంస్థ, ప్రతి డ్రైవర్‌నూ అంతకాలం పరీక్షిస్తూ సవరిస్తూ ఉండాలి. అందుకే రెడ్‌హ్యాట్ తన పెద్ద కూర్పులతో పాటు డ్రైవర్ల జాబితాలు ప్రకటిస్తుంది: త్వరలో తీసివేయబోయేవి, నిర్వహణ లేకుండా ఉంచినవి, తీసివేసినవి. మూల లినక్స్ కెర్నెల్‌లో అదే డ్రైవర్ చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు. ఈ పంపిణీలో మాత్రం ఆ పరికర సంఖ్యను పట్టిక నుండి కొట్టివేసి ఉంటారు. ‘లినక్స్‌లో పనిచేస్తుంది’ అన్న వాక్యానికి ఇక్కడ అర్థం లేదు. ఏ పంపిణీలో, ఏ కూర్పులో అన్నదే ప్రశ్న.

ఇలా కొట్టివేసిన వాటిని తిరిగి చేర్చే ప్రయత్నాలూ ఉన్నాయి. ఈఎల్‌రెపో అనే స్వచ్ఛంద భాండాగారం అటువంటి డ్రైవర్లను విడి ప్యాకేజీలుగా, స్థాపన సమయంలోనే అందించగల డ్రైవర్ డిస్కులుగా తయారుచేస్తుంది. ఆల్మాలినక్స్ 2024లో వెలువరించిన 9.4 కూర్పులో, మూలంలో నిలిపివేసిన కొన్ని పాత పరికరాలకు మద్దతును తానే పునరుద్ధరించింది. వాటిలో పాత మెల్లనాక్స్ నెట్‌వర్క్ కార్డులు కొన్ని ఉన్నాయి. ఒకే మూలం నుండి పుట్టిన రెండు పంపిణీలు ఒకే యంత్రంమీద వేర్వేరుగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ ఉదంతం దీనికంటె తీవ్రమైనది. ఆ వ్యవస్థ తొలినాళ్ళ నుండి లినక్స్ డ్రైవర్లను ‘వీఎంకెలినక్స్’ అనే అనుసంధాన పొర ద్వారా వాడుకుంటూ వచ్చింది. 2013లో 5.5 కూర్పుతో సొంత డ్రైవర్ పద్ధతిని ప్రవేశపెట్టినా, పాత పొరను 6.7 వరకు కొనసాగించారు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 7.0లో ఆ పొర మొత్తంగా మాయమైంది. ఔత్సాహికులు సిద్ధంచేసిన రియల్‌టెక్ డ్రైవర్లు ఆ పొరమీదే ఆధారపడినవి కాబట్టి, అవన్నీ ఒక్క దెబ్బతో నిరుపయోగమయ్యాయి. యంత్రంలో మద్దతు ఉన్న కార్డు ఒక్కటైనా లేనిదే ఈఎస్‌ఎక్స్‌ఐ స్థాపన ముందుకు సాగదు. రియల్‌టెక్ మాత్రమే ఉన్న పెట్టెలో 6.7 హాయిగా నడిచినా 7.0 గడప దాటదు. ఆ తరువాత 8.0లో మెల్లనాక్స్ కనెక్ట్‌ఎక్స్-3 శ్రేణి డ్రైవర్‌నూ తొలగించారు. రియల్‌టెక్‌ను ఇంటి కంప్యూటర్ల కార్డు అని తోసిపుచ్చవచ్చు గాని, కనెక్ట్‌ఎక్స్-3 సర్వర్ల కోసమే తయారైన 10, 40 గిగాబిట్ కార్డు. ఖరీదైనదానికి ఆయుష్షు ఎక్కువ ఉంటుందన్న లెక్క ఇక్కడ చెల్లలేదు.

సాంకేతికం కాని హద్దు

విండోస్ సర్వర్‌లో కనిపించే ఒక చిక్కు వేరే జాతికి చెందినది. ఇంటెల్ ఐ219 కార్డులలో ‘ఎల్‌ఎం’, ‘వీ’ అని రెండు రకాలు. మొదటిది వ్యాపార యంత్రాలకు, రెండవది గృహ వినియోగ బోర్డులకు ఉద్దేశించినవి. రెండూ అన్నదమ్ముల వంటివే. అయినా విండోస్ సర్వర్‌కు ఉద్దేశించిన డ్రైవర్ సమాచార ఫైలులో ‘వీ’ రకాన్ని చేర్చలేదు. అదే బోర్డుమీద విండోస్ 10 వేస్తే నెట్‌వర్క్ పనిచేస్తుంది; విండోస్ సర్వర్ వేస్తే పనిచేయదు. ఆ ఫైలును చేత్తో దిద్ది లోపించిన సంఖ్యను చేర్చుకునే పద్ధతి బాగా వ్యాప్తిలో ఉంది. అయితే ఫైలులో ఒక్క అక్షరం మారినా దానిమీది డిజిటల్ సంతకం చెల్లదు. అప్పుడు సంతకాల తనిఖీనే సడలించవలసి వస్తుంది. ప్రయోగశాలలో ఒక సాయంత్రం పరీక్షకు ఇది సరిపోవచ్చు గాని, విద్యార్థుల మార్కులు ఉండే సర్వర్‌కు తగిన పరిష్కారం కాదు. అటువంటి చోట మద్దతు ఉన్న విడి కార్డు ఒకటి కొని తగిలించడమే మేలు.

లినక్స్‌లోనూ సంతకం సమస్య ఉంది. సెక్యూర్ బూట్ అమలులో ఉన్నప్పుడు, బయటినుండి తెచ్చి యంత్రంలోనే సంకలనం చేసిన డ్రైవర్‌ను, దాని సంతకపు తాళంచెవిని ముందుగా నమోదు చేయనిదే కెర్నెల్ అంగీకరించదు. పైగా కెర్నెల్ నవీకరణ జరిగిన ప్రతిసారీ ఆ డ్రైవర్‌ను మళ్ళీ సంకలనం చేయాలి. ఆ ఏర్పాటు తప్పితే, మూడు నెలలు సజావుగా నడిచిన సర్వర్ ఒక మామూలు పునఃప్రారంభం తరువాత మూగబోతుంది.

డ్రైవర్ ఉండీ పలకని కార్డు

కొన్ని కార్డులకు డ్రైవర్ ఒక్కటే చాలదు. కార్డులోని చిన్న ప్రాసెసర్‌కు ప్రతి ప్రారంభంలోనూ ఒక ఫర్మ్‌వేర్ ఫైలును అందించాలి. డెబియన్ 2011లో 6.0 కూర్పు నుండి, మూల కోడ్ లేని ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్ నుండి వేరుచేసింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రం దృష్ట్యా అది సమంజసమే. కాని బ్రాడ్‌కామ్ ‘బీఎన్‌ఎక్స్2’ కార్డులున్న సర్వర్లలో స్థాపన మధ్యలో ఆగి, ఫర్మ్‌వేర్ ఫైలును వేరే మాధ్యమంలో అందించమని అడిగేది. సూత్రానికీ అవసరానికీ మధ్య ఈ పెనుగులాట పదకొండేళ్ళు సాగింది. 2022లో సభ్యుల ఓటింగు ద్వారా నియమం మారింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుండి అధికారిక స్థాపన ప్రతిలోనే ఆ ఫైళ్ళు ఉంటున్నాయి.

ఫైబర్ పోర్టులున్న కార్డులది ఇంకొక పేచీ. ఇంటెల్ 10 గిగాబిట్ డ్రైవర్ ‘ఐఎక్స్‌జీబీఈ’, తాను ఆమోదించని ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్ కనిపిస్తే పనిచేయడానికి నిరాకరిస్తుంది. అనుమతించే ఐచ్ఛికం ఉంది. పాత వ్యవస్థలో ఎవరో ఆ ఐచ్ఛికాన్ని పెట్టి మరచిపోయి ఉంటారు. కొత్త స్థాపనలో అది ఉండదు. నింద కార్డుమీద పడుతుంది.

పేరు మారడం

కార్డు పనిచేస్తున్నా సర్వర్ అందకపోవచ్చు. 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197 నుండి పోర్టులకు ‘ఈటీహెచ్0’ వంటి పేర్ల బదులు, అవి ఉన్న చోటును సూచించే ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేర్లు వచ్చాయి. మూడవ మార్గం, సున్నా గడి అని దాని అర్థం. పాత పద్ధతిలో ఏ కార్డు ముందు పలికితే దానికి సున్నా దక్కేది. కొత్త పద్ధతి ఆ యాదృచ్ఛికతను తొలగించింది. అయితే మరొక కార్డు తగిలించినప్పుడు మార్గాల సంఖ్యలు జరిగి, ఉన్న పోర్టు పేరూ మారవచ్చు. కొత్త కెర్నెల్‌లో డ్రైవర్ పోర్టు సంఖ్యను కూడా తెలియజేయడం మొదలుపెడితే, పాత పేరు చివర ‘ఎన్‌పీ0’ అన్న తోక చేరుతుంది. అమరిక ఫైలు పాత పేరుతోనే ఉంటుంది కాబట్టి ఐపీ చిరునామా ఏ పోర్టుకూ చేరదు. పరిశోధన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే కొన్ని పాత లైసెన్సు నిర్వాహకాలు ‘ఈటీహెచ్0’ అనే పేరును మాత్రమే వెతికేవి. అక్కడ నెట్‌వర్క్ నిక్షేపంగా ఉన్నా లైసెన్సు చెల్లదు. పోర్టు భౌతిక చిరునామాకు ఒక స్థిరమైన పేరును ముడివేసే చిన్న ఫైలు రాసుకోవడం దీనికి మందు.

స్థాపనకు ముందు చేయదగినది

కాగితం మీది జాబితాలకంటె యంత్రం సాక్ష్యం బలమైనది. పాత వ్యవస్థ నడుస్తుండగానే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశంతో ప్రతి కార్డు సంఖ్యల జంటనూ, దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరునూ రాసి ఉంచుకోవాలి. తరువాత కొత్త కూర్పును డిస్కుమీద వేయకుండా, యూఎస్‌బీ నుండి నడిపి అదే ఆదేశాన్ని మళ్ళీ ఇవ్వాలి. సంఖ్యలు కనబడి డ్రైవర్ పేరు ఖాళీగా ఉంటే జవాబు దొరికినట్టే. డ్రైవర్ కనబడినా, తీగ తగిలించి నిజంగా సమాచారం ప్రవహిస్తున్నదో లేదో చూడటం మంచిది.

ఈ పరీక్ష ఎప్పుడూ నిరపాయకరమేనా అంటే, విడుదలైన కూర్పులతో దాదాపు ఎల్లప్పుడూ అవును. విడుదలకు ముందటి కూర్పుల విషయంలో మాత్రం 2008నాటి ఒక అనుభవం ఉంది. లినక్స్ 2.6.27 పరీక్షా కెర్నెల్‌లను నడిపిన కొన్ని యంత్రాలలో, బోర్డుమీది ఇంటెల్ 82566, 82567 కార్డుల శాశ్వత జ్ఞాపకం చెరిగిపోయింది. కార్డు ఏ వ్యవస్థలోనూ పనిచేయని స్థితికి చేరింది. ‘ఈ1000ఈ’ డ్రైవర్‌ను అనుమానించి, ఉబుంటు తన పరీక్షా ప్రతులలో దాన్ని నిలిపివేసింది. చివరికి దోషం డ్రైవర్‌ది కాదని తేలింది. కెర్నెల్ పనితీరును గమనించే ‘ఎఫ్‌ట్రేస్’ అనే భాగం, ఒకప్పుడు కోడ్ ఉండి తరువాత ఖాళీ అయిన జ్ఞాపక స్థానాలలో మార్పులు రాస్తూ వచ్చింది. అవే స్థానాలు ఆ లోపల నెట్‌వర్క్ కార్డు శాశ్వత జ్ఞాపకానికి కేటాయింపయ్యాయి. 2.6.27లో ఆ జ్ఞాపకానికి రాతనిరోధం ఏర్పరచి, వెంటనే వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ విధానాన్ని ఆపివేశారు. ‘ఈథ్‌టూల్’ ఆదేశంతో కార్డు జ్ఞాపకంలోని విషయాన్ని ముందే ఒక ఫైలులో దాచుకున్నవారికి, దాన్ని తిరిగి రాయడానికి ఒక ప్రతి చేతిలో ఉంది.