ఆకు కషాయాలతో ఆహార బాక్టీరియా నివారణ: ప్రయోగశాల ఫలితాలు – క్షేత్ర వాస్తవాలు

పర్చూరు పరిసర నల్లరేగడి భూముల్లో మిరప కోతల కాలంలో కూలీలు తెల్లవారుజామున వండిన అన్నం, కూర క్యారేజీలలో సర్దుకొని వెళ్లి మధ్యాహ్నం పొలంగట్టున భుజిస్తారు. నడుమ గడిచే ఆరేడు గంటల వెచ్చదనమే సూక్ష్మజీవులకు అనువైన వ్యవధి. అనుకూల పరిస్థితుల్లో ఎశ్చరిషియా కోలై దాదాపు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్ల మంది అస్వస్థులవుతున్నారు, 4.2 లక్షల మంది మరణిస్తున్నారు. ఈ నేపథ్యంలో పెరటి ఆకుల కషాయాలు ఎంతవరకు ఉపకరిస్తాయన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఆకుల్లోని క్రియాశీల పదార్థాలు

తులసిలో యూజినాల్, తమలపాకులో హైడ్రాక్సీచావికాల్, కరివేపాకులో కార్బజోల్ ఆల్కలాయిడ్లు, జామ ఆకులో టానిన్లు, ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. ఫినాలిక్ పదార్థాలు బాక్టీరియా కణపొరను దెబ్బతీసి లోపలి పదార్థం బయటకు కారేలా చేస్తాయి. స్టాఫైలోకాకస్ ఆరియస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా సాధారణంగా వీటికి త్వరగా లొంగుతుంది. సాల్మొనెల్లా, ఎశ్చరిషియా కోలై వంటి గ్రామ్ నెగెటివ్ రకాలకు అదనపు బాహ్యపొర రక్షణగా నిలుస్తుంది.

పరీక్షా విధానం

నీడలో ఆరబెట్టిన ఆకుల పొడిని నీటిలో లేదా ఇథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ద్రావణిని ఆవిరి చేసి సారాన్ని సేకరిస్తారు. బాక్టీరియా పూసిన అగార్ పళ్లెంలో చిన్న గుంతలు చేసి, సారం నింపి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 18–24 గంటలు ఉంచి, నిరోధక వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ద్రావణి మాత్రమే నింపిన గుంత తప్పనిసరి. అది లేనిదే వలయం ఆకు వల్ల ఏర్పడిందో, ఇథనాల్ వల్ల ఏర్పడిందో తేలదు. వలయం పరిమాణం సారం అగార్‌లో వ్యాపించే తీరుపైనా ఆధారపడుతుంది. కాబట్టి కనిష్ఠ నిరోధక గాఢతను కూడా నిర్ణయించాలి.

పళ్లెం నుంచి అన్నం గిన్నెకు

ఉదాహరణకు, కరివేపాకు సారం కనిష్ఠ నిరోధక గాఢత మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు అనుకుందాం. అదే మోతాదును అరకిలో ఆహారానికి వర్తింపజేస్తే 2.5 గ్రాముల సారం కావాలి. సారం దిగుబడి 10 శాతమైతే 25 గ్రాముల ఎండు ఆకు, అంటే సుమారు 70 గ్రాముల పచ్చి ఆకు అవసరం. పైగా ఆహారంలోని కొవ్వులు, మాంసకృత్తులు ఫినాలిక్ పదార్థాలను బంధించడం వల్ల మోతాదు మరింత పెరుగుతుంది, రుచి చెడుతుంది. తాలింపులోని నాలుగు రెబ్బలు రక్షణ ఇవ్వలేవు. బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు వంట వేడికీ తట్టుకుంటాయి. స్టాఫైలోకాకస్ విషపదార్థం ఒకసారి ఏర్పడితే తిరిగి వేడి చేసినా నశించదు.

ఈ ప్రాంతంలో మరొక ముప్పు ఉంది. పత్తి, మిరప చేల గట్లపై ఉన్న చెట్ల ఆకులపై పురుగుమందు తుంపర్లు పడతాయి. అటువంటి ఆకుల సారం తీస్తే అవశేషాలు కూడా అందులోకి చేరవచ్చు. పరిశోధనకు సేకరించే ఆకులకు మందు పిచికారీ చరిత్ర నమోదు, అవశేషాల పరీక్ష తప్పనిసరి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

ఆకు సారాలు వృథా కావు. ప్యాకింగ్ పొరలు, కూరగాయలు కడిగే ద్రావణాల తయారీలో పరిశోధనకు అర్హమైనవి. విద్యార్థులు పళ్లెంలో వచ్చిన ఫలితాన్ని అన్నం, పెరుగు, కూర వంటి ఆహారాల్లోనూ పరీక్షించి, రుచి పరీక్షతో కలిపి నివేదించాలి. అంతవరకు రైతు కుటుంబాలకు చెప్పవలసినవి ఇవే: మందు చల్లిన, కాయ కోసిన చేతులను భోజనానికి ముందు సబ్బుతో కడగాలి; క్యారేజీని నీడలో ఉంచాలి; వండిన ఆహారాన్ని వీలైనంత త్వరగా తినాలి; ఎక్కువసేపు నిల్వ ఉంచక తప్పనప్పుడు పులిహోర, పెరుగన్నం వంటి పుల్లని ఆహారాలకు ప్రాధాన్యమివ్వాలి. ఆకు సారం ఈ జాగ్రత్తలకు తోడు కాగలదే తప్ప వాటికి ప్రత్యామ్నాయం కాదు.