కన్నునకును ముక్కునకును నడుమ గోడ



ఇంద్రియములలో కన్ను ప్రధానమని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. అయితే కంటికి వచ్చు కీడు ఎల్లప్పుడును కంటిలోనే పుట్టదను సంగతి చాలమందికి తెలియదు. పడిశముతో మొదలైన వ్యాధి ముక్కునుండి కంటికి ప్రాకి, కొలది దినములలో చూపును హరింపగలదు; ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు తేగలదు. నేను ముక్కు, చెవి, గొంతు వ్యాధులకు చికిత్స చేయువాడను. కావున ఈ విషయమును మీకు విశదపరచుట నా విధియని తలచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట కన్ను ఉండు తావును తెలిసికొందము. కనుగ్రుడ్డు ఎముకల గుంటలో అమరియున్నది. ఏడు ఎముకలు కలిసి ఆ గుంటను కట్టినవి. అది గరాటువలె ముందు వెడల్పుగను, వెనుక సన్నముగను ఉండును. ఆ వెనుక కొననుండియే చూపునరము మెదడునకు పోవుచున్నది. ఈ గుంటకు పైనను, క్రిందను, ముక్కువైపునను గాలి నిండిన గదులు కలవు. నుదుట ఒక జత, చెక్కిళ్ల లోపల ఒక జత, ముక్కుదూలమునకు ఇరుప్రక్కల ఒక జత, వెనుక పుఱ్ఱె నడుమ ఒక జత. వీనినే సైనసులందురు. ఇవి యన్నియు సన్నని ద్వారములగుండ ముక్కులోనికి తెరచుకొనును.

ముక్కుదూలము ప్రక్క గదులకును కనుగుంటకును నడుమనున్న ఎముక చాలచోట్ల అర మిల్లీమీటరు మందమైనను ఉండదు. లాటిను భాషలో దానికి కాగితపు పలక యను అర్థముగల పేరు పెట్టిరి. రెండిండ్లకు నడుమ ఒక్క తడికెయే అడ్డమైనప్పుడు, ఒక ఇంట నిప్పంటుకొన్నచో రెండవ ఇంటివారు నిశ్చింతగా నిద్రింపగలరా?

పడిశము ముదిరినప్పుడు ఆ సన్నని ద్వారములు వాచి మూసికొనును. లోపల నిలిచిన ద్రవము చీముగా మారును. ఆ చీము ఎముకగుండను, రక్తనాళముల దారినిని కనుగుంటను చేరును. పిల్లలయందు ఇది ఎక్కువ. 1970లో చాండ్లరును, ఆయన సహచరులును ఈ వ్యాధిని ఐదు విధములుగా విభజించిరి. రెప్ప మాత్రమే వాచుట మొదటిది. గుంటలోని కొవ్వు వాచుట రెండవది. ఎముకకును దాని పైపొరకును నడుమ చీముగడ్డ కట్టుట మూడవది. గుంటలోనే చీముగడ్డ ఏర్పడుట నాలుగవది. కంటి వెనుక మెదడు అడుగుననున్న పెద్ద సిరలో నెత్తురు గడ్డకట్టుట ఐదవది, అత్యంత భయంకరమైనది.

రెప్ప వాపును కనుగుంట వాపును వేరుపరచుటయే వైద్యుని తొలిపని. వాచిన రెప్పను మెల్లగా ఎత్తి, కనుగ్రుడ్డు ముందునకు పొడుచుకొని వచ్చినదా, నలువైపుల తిరుగుచున్నదా, త్రిప్పినపుడు నొప్పి కలదా, ఒక వస్తువు రెండుగా కనబడుచున్నదా యని పరీక్షింతుము. ఎఱ్ఱని వస్తువును చూపి, రెండు కన్నులకును ఒకే తీరున ఎఱ్ఱగా కనబడుచున్నదా యని అడుగుదుము. ఒక కంటికి ఎఱుపు వెలసినట్లు తోచినచో చూపునరము నలుగుచున్నదని శంకింపవలెను. పిమ్మట సన్నని దూర్బిణి గొట్టమును ముక్కులోనికి పంపి చూతుము. చీము ఎచ్చట నిలిచినదో తెలియుటకు సి.టి. చిత్రము తీయింతుము. 1971లో తొలిసారి రోగిపై ప్రయోగింపబడిన ఈ యంత్రమునకే హౌన్స్‌ఫీల్డు, కార్మాకు అనువారికి 1979లో నోబెలు బహుమానము లభించెను.

చికిత్సలో మొదట సిరలోనికి మందు లెక్కింతుము. పిల్లలలో చిన్న చీముగడ్డలు పలుమార్లు మందులతోనే కరగును. ఒకటి రెండు దినములలో గుణము కనబడకున్నను, చూపు తగ్గుచున్నను, శస్త్రచికిత్సకు ఆలస్యము చేయరాదు. పూర్వము ముఖముమీదనో, పై పెదవి లోపల చిగురుమీదనో కోసి ఆ గదులను చేరెడివారు. ఇప్పుడు తఱచుగా రోగికి మత్తునిచ్చి, నాసారంధ్రముగుండనే గొట్టమును పంపి, మూసికొన్న ద్వారములను తెరచి చీమును తీయుదుము. కాగితపు పలకకు ఆవల గడ్డ ఉన్నచో, ఆ పలకలో కొంత తొలగించి చీమును ముక్కులోనికి దారి మళ్లింతుము. ముఖముపై మచ్చ ఉండదు. గడ్డ కనుగుంట పైభాగమున నున్నచో మాత్రము రెప్పవద్ద చిన్నకోత అవసరము కావచ్చును.

ఇక మధుమేహము గలవారు వినవలసిన మాట యొకటి కలదు. మట్టిలోను, కుళ్లిన ఆకులలోను పెరుగు ఒక జాతి బూజు గాలితో అందరి ముక్కులలోనికిని వచ్చుచునేయుండును. ఆరోగ్యవంతులను అది యేమియు చేయదు. నెత్తురులో చక్కెర మితిమీరినవారిని, స్టిరాయిడు మందులు అధికముగా వాడినవారిని మాత్రము అది పట్టి, రక్తనాళములను మూసివేయును. నెత్తురు అందని భాగము చచ్చి నల్లబడును. 2021లో కరోనా రెండవ విజృంభణమున మన దేశమున వేలాదిమంది దీని వాతబడిరి. జనులు దీనిని బ్లాక్ ఫంగస్ అనిరి. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి నాడు ఈ చికిత్సకు ముఖ్యస్థానమైనది. చక్కెరను అదుపుచేయుట, ఆంఫోటెరిసిన్ అను మందు ఎక్కించుట, చచ్చిన భాగమును కోసి తీసివేయుట, ఈ మూడును కలిసియే చికిత్స. ఆలస్యమైనచో ప్రాణము నిలుపుటకై కంటినే తీయవలసి వచ్చును.

కావున మీ ఇండ్లలోను, మీ గ్రామములోను ఈ గురుతులను అందరికిని తెలుపుడు: జ్వరముతో ఒక కన్ను వాచుట, కనుగ్రుడ్డు పొడుచుకొని వచ్చుట, చూపు మందగించుట, ఒకటి రెండుగా కనబడుట, మధుమేహము గలవారికి చెక్కిలి తిమ్మిరెక్కుట, పండ్లు కదలుట, ముక్కులోనో అంగిటిమీదనో నల్లని పొర కనబడుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను కంటిలో ఆకుపసరు పిండుట, వాపునకు కాపడము పెట్టుట మానుడు. తెల్లవారనిమ్మని జాగుచేయక, ఆనాడే పెద్దాసుపత్రికి పంపుడు. ఇంట పెద్దలు ఒక్కమాట చెప్పినచో పిన్నలు వెంటనే బండి కట్టుదురు. ఆ మాట సకాలమున మీ నోట వెలువడుగాక యని కోరుచు విరమించుచున్నాను.