ఇంటిపేరు థామ్సన్

సింగపూర్లో కొన్నాళ్ళున్న మనవాళ్ళలో థామ్సన్ అన్న మాట వినని వాళ్ళుండరు. థామ్సన్ రోడ్డు, అప్పర్ థామ్సన్ రోడ్డు, థామ్సన్ ప్లాజా, 2020 జనవరి 31న మూడు స్టేషన్లతో మొదలైన థామ్సన్-ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం. 1961 నుంచి 1973 దాకా సింగపూర్ గ్రాండ్ ప్రీ కార్ల పందేలు జరిగింది కూడా ఈ అప్పర్ థామ్సన్ రోడ్డు మీదే. ఇంతకీ ఎవరీ థామ్సన్ అని వెతికితే ఒక్కరు కాదు, ఊరేగింపుగా వస్తారు. స్కాట్లండులో ఇది చాలా వాడుకలో ఉన్న ఇంటిపేరు. థామ్ కొడుకు థామ్సన్, అంతే. ఇంగ్లండు వాళ్ళు ఎక్కువగా మధ్యలో ఒక "పి" చేర్చి థాంప్సన్ అని రాస్తారు.

ఈసారి ఈ ఒక్క ఇంటిపేరు పట్టుకుని తిరుగుదాం. సరదా కోసమే కాదు, డేటాబేసులతో బతికే మనకు రోజూ ఎదురయ్యే చిక్కొకటి ఇందులో ఉంది.

రోడ్డు థామ్సన్

రోడ్డుకి పేరిచ్చినాయన జాన్ టర్న్‌బుల్ థామ్సన్. స్కాట్లండు సరిహద్దుకి దగ్గర్లో, నార్తంబర్లండులో 1821లో పుట్టాడు. పదిహేడేళ్ళ వయసుకే పెనాంగ్ చేరాడు. 1841లో సింగపూర్ ప్రభుత్వ సర్వేయరయ్యాడు. పన్నెండేళ్ళ పాటు ఇక్కడ కొలిచాడు, గీశాడు, కట్టాడు. సముద్రం మధ్య పెద్రా బ్రాంకా అనే రాతి దిబ్బ మీద, పులావ్ ఉబిన్ గ్రానైటుతో ఆయన కట్టించిన హార్స్‌బర్గ్ దీపస్తంభం 1851 అక్టోబరులో వెలిగింది. ఆ హార్స్‌బర్గ్ కూడా స్కాట్లండు వాడే, సముద్ర మార్గాల పటాలు తయారుచేసిన జేమ్స్ హార్స్‌బర్గ్.

ఆ కట్టడం గురించి థామ్సన్ రాసిపెట్టుకున్న వివరాలు ఎంత దూరం పోయాయో చూడండి. ఆ దిబ్బ ఎవరిదని సింగపూర్, మలేసియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, విచారణలో ఆయన రాతలు కూడా పరిశీలనకి వచ్చాయి. 2008 మే 23న దిబ్బ సింగపూర్‌దేనని తీర్పు వచ్చింది. డాక్యుమెంటేషన్ అంటే విసుక్కునే ప్రోగ్రామర్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

థామ్సన్ 1853లో ఆరోగ్యం చెడి ఇక్కడినుంచి వెళ్ళిపోయాడు. తర్వాత న్యూజీలండులో ఇన్వర్‌కార్గిల్ పట్టణానికి స్థలం కొలిచింది, 1876లో ఆ దేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయింది ఈయనే. అయితే ఆ రోజుల్లో సింగపూర్లో రోడ్లు వేసి రాళ్ళు మోసిన వాళ్ళలో మన దేశం నుంచి తెచ్చిన ఖైదీలు ఎందరో ఉన్నారు. 1825 నుంచి 1873 దాకా ఈ ఊరి కట్టడాల్లో చాలావాటి వెనక వాళ్ళ చెమట ఉంది. రోడ్ల పేర్లలో మాత్రం వాళ్ళు కనబడరు.

ఫొటోల థామ్సన్

ఇక్కడే మొదటి చిక్కు. సింగపూర్ పాత చరిత్రలో "జె. థామ్సన్" అని కనబడితే అది సర్వేయరే కానక్కర్లేదు. 1862లో ఎడిన్‌బరో నుంచి ఇంకో జాన్ థామ్సన్ వచ్చి ఇక్కడ ఫొటో స్టూడియో పెట్టాడు. 1866లో అంగ్‌కోర్ గుళ్ళని కెమెరాకెక్కించాడు, ఆ తర్వాత చైనా అంతా తిరిగి తీసిన ఫొటోలతో పేరు తెచ్చుకున్నాడు. ఒకే ఊరు, ఒకే పేరు, మధ్యలో తొమ్మిదేళ్ళ ఎడం. సర్వేయరు చేత్తో వేసిన సింగపూర్ బొమ్మలు కూడా ప్రసిద్ధమే కాబట్టి, "థామ్సన్ చిత్రం" అని మాత్రమే రాస్తే ఎవరిదో తేలదు.

తీగల థామ్సన్

మూడో ఆయన ఈ ఊళ్ళో కాపురం లేడు. గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్, 1892లో లార్డ్ కెల్విన్ అయిన పెద్దమనిషి. సముద్రం అడుగున వేసిన తీగ చివర మిణుకుమనే సంకేతాన్ని పట్టుకునే పరికరాలు చేసింది ఆయనే. 1870-71లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కి సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ పడింది. 2002లో చెన్నై-సింగపూర్ మధ్య పడిన ఐటుఐ ఫైబర్ కేబుల్ ఆ దారికి మనవడి లాంటిది. మీరు ఇంటికి చేసే వీడియో కాల్‌కి తాతలనాటి చుట్టరికం ఉందన్నమాట.

ఇంకో తమాషా. ఫిజిక్సులో "థామ్సన్ ఎఫెక్ట్" ఈయనది. "థామ్సన్ స్కాటరింగ్" మాత్రం 1897లో ఎలక్ట్రాన్‌ని కనిపెట్టిన జె.జె. థామ్సన్‌ది. ఆయన కొడుకు జి.పి. థామ్సన్ ఆ ఎలక్ట్రాన్ తరంగంలా కూడా ప్రవర్తిస్తుందని చూపించి 1937లో నోబెల్ పంచుకున్నాడు. తండ్రికి 1906లోనే వచ్చింది.

ఒక్క అక్షరం తేడా

ఇక మన వృత్తికి కులదైవం లాంటి కెన్ థాంప్సన్. ఈయన "పి" ఉన్న శాఖ. 1969లో డెనిస్ రిచీతో కలిసి యూనిక్స్ మొదలుపెట్టాడు. 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 రూపకల్పన చేశాడు, అదీ న్యూజెర్సీలో ఒక హోటల్ బల్ల మీది కాగితం పైన. మీరిప్పుడు చదువుతున్న తెలుగు అక్షరాలు ఒక్కోటి మూడేసి బైట్లుగా ఆ పద్ధతిలోనే మీ దాకా వస్తాయి.

సింగపూర్ యూనిక్స్ అభిమానులకి ఒక కానుక: థామ్సన్ రోడ్డు పక్కనున్న చెరువు పేరు ఒకప్పుడు థామ్సన్ రోడ్ రిజర్వాయరు. 1922లో దానికి మునిసిపల్ ఇంజినీరు జేమ్స్ మక్‌రిచీ పేరు పెట్టారు. మక్‌రిచీ అంటే రిచీ కొడుకు. అటు థామ్సన్, ఇటు రిచీ! చుట్టరికమేమీ లేదు, కాకతాళీయమే.

ఈ "పి"ని కంప్యూటర్ ఎలా చూస్తుంది? పేర్లని ఉచ్చారణ బట్టి కలిపే సౌండెక్స్ పద్ధతి అమెరికాలో 1918లోనే పేటెంటైంది, ఇప్పటికీ చాలా డేటాబేసుల్లో ఉంది. దాని లెక్కలో థామ్సన్ "టి525", థాంప్సన్ "టి512". అంటే వేరు వేరు. పైగా టౌన్‌సెండ్ కూడా "టి525"! చెవికి ఒకటైన వాటిని విడదీసి, సంబంధం లేనివాటిని కలిపింది. తెలుగులో ఇంకా అన్యాయం. థామ్సన్ అని మకారంతో రాసినా, థాంసన్ అని సున్నాతో రాసినా మనకి ఒకటే, యంత్రానికి రెండు.

మన ఇంటిపేర్ల సంగతి

వాళ్ళు మనుషుల పేర్లు ఊళ్ళకి పెట్టారు. మనం ఊళ్ళ పేర్లు మనుషులకి పెట్టుకున్నాం. దేవులపల్లి అంటే కృష్ణశాస్త్రి గుర్తొస్తాడు, తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు వెంకటేశ్వరరావు కూడా గుర్తొస్తాడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కారని మనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ విదేశం వచ్చాక ఆ ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, అసలు పేరు సర్‌నేమ్ గడిలోకి పోతుంది. మిగిలేది ఏ శ్రీనివాసో, ఏ రావో.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడి ఒక బ్యాంకు నేను మా నాన్న ఆపరేషన్ కోసం పంపిన డబ్బు పదకొండు రోజులు ఆపేసింది. నా పేరే ఉన్న ఇంకెవరో ఏదో జాబితాలో ఉన్నాడట. నా పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అయినా కొట్టి చూసింది పేరొక్కటే. ఆసుపత్రి డబ్బు మా బావగారు అప్పు చేసి కట్టారు.

గ్రంథాలయాల వాళ్ళు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. రచయిత పేరు పక్కన పుట్టిన, పోయిన సంవత్సరాలు రాస్తారు. 2012లో వచ్చిన ఆర్కిడ్, వికీడేటా ఇంకో అడుగు వేసి ప్రతి మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చాయి. పేరు ఆ సంఖ్యకి తగిలించిన చీటీ మాత్రమే. సర్వేయరుకో సంఖ్య, ఫొటోగ్రాఫరుకో సంఖ్య, గొడవ లేదు.

కాబట్టి ఈసారి మీ టేబుల్లో పేరుని ప్రైమరీ కీగా పెడదామన్న మాట ఎవరైనా అంటే ఇంతమంది థామ్సన్‌లనీ వరసగా చదివి వినిపించండి. రెండు పేర్లు కలిశాయని ప్రోగ్రాం చెబితే అది ప్రశ్న అనుకోవాలి గాని జవాబు అనుకోకూడదు. పుట్టిన తేదీ, ఊరు, చేసిన పని, ఇవి కూడా కలిశాకే జవాబు. ఆ ఒక్క షరతు రాయడానికి మనకు పట్టేది పది నిమిషాలు. రాయకపోతే అవతల ఎవరికో పదకొండు రోజులు పడుతుంది.