అడవిలో దాగే క్యూ జ్వరం... మేక మాయతో జాగ్రత్త!

ఉద్దానంలో అడవి జంతువు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎలుగుబంటే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు చేసిన దాడిని మన రైతులు మరిచిపోలేదు. జీడితోటలోకి ఒంటరిగా పోవాలంటే ఇప్పటికీ జంకే. అయితే అడవి జంతువుల నుంచి మన పశువుల సాలలోకి రాగల ముప్పు ఇంకొకటి ఉంది. అది అరవదు, మీద పడదు. మేక ఈనిన చోట దుమ్ములో కలిసి, ఊపిరితో పాటు మనిషి లోపలికి పోతుంది. అదే క్యూ జ్వరం.

పేరు వింతగా ఉంది కదూ? 1935లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కబేళా కూలీలకు ఒక జ్వరం పట్టుకుంది. డెరిక్ అనే డాక్టరు ఎన్ని పరీక్షలు చేసినా కారణం తేలలేదు. ఇంగ్లీషులో ‘క్వెరీ’ అంటే ప్రశ్న. ఆ మాటలోని మొదటి అక్షరం తీసుకుని ఈ తేలని జ్వరానికి పేరు పెట్టేశారు. తర్వాత క్రిమి దొరికింది, దానికి కాక్సియెల్లా బర్నెటి అని పేరూ పెట్టారు. జ్వరం పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పశువులకు ఇది ఎక్కడిదని వెతుకుతూ వాళ్ళు మోర్టన్ దీవిలో బాండికూట్ అనే చిన్న అడవి జంతువును పట్టి చూశారు. 1940 నాటికి దాని ఒంట్లోనూ, దాన్ని పట్టి ఉండే పిడుదుల్లోనూ ఈ క్రిమి ఉన్నట్టు తేలింది. ఇక్కడో తమాషా చెప్పాలి. బాండికూట్ అనే ఆ ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచి పోయిందే! ఆస్ట్రేలియా జంతువు వేరు, అది పిల్లల్ని పొట్ట దగ్గరి సంచిలో పెంచే జాతి. మనది ఎలుక జాతి. పేరు మాత్రం తెలుగువాడిది.

ఆ తర్వాత చాలా దేశాల్లో ఎలుకలు, కుందేళ్ళు, జింకలు, అడవిపందులు, పావురాల్లో దీని జాడ కనిపించింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లో యాదవ్, సేథి అనే శాస్త్రవేత్తలు పక్షులను, అడవి జంతువులను, పాములు, తాబేళ్ళ వంటి వాటిని పరీక్షించి 1979, 1980లలో ఫలితాలు ప్రకటించారు. వాటిలోనూ ఈ క్రిమి ఆనవాళ్ళు ఉన్నాయి. ఇలా క్రిమిని దాచుకునే జీవులను శాస్త్రవేత్తలు రిజర్వాయర్లు అంటారు. గొట్టా బ్యారేజీలో నిలిచిన నీరు ఎడమ కాలువ వెంట టెక్కలి వైపు వచ్చినట్టే, అడవిలో నిలవున్న క్రిమి పిడుదుల వెంట, ఎలుకల వెంట ఊరివైపు వస్తుంది. కాలువ నీరు శివారుకు అందకపోవచ్చు గానీ ఇది మాత్రం శివారు సాల దాకా వస్తుంది. ఆ అడవి జీవికి పైకి జబ్బేమీ కనిపించదు. అందుకే పసిగట్టలేం.

అలాగని తేలినీలాపురం కొంగలను అనుమానించడమో, కనిపించిన జంతువునల్లా చంపడమో చేయకండి. మనిషికి ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది సొంత మేక, గొర్రె, ఆవు నుంచే. సూడి పశువులో క్రిమి మాయలో చేరి కోట్లలో పెరుగుతుంది. ఈనినా, ఈసుకుపోయినా ఆ మాయ, ఉమ్మనీరు నేలమీద పడి ఎండి దుమ్మవుతాయి. ఆ దుమ్ములో క్రిమి నెలల తరబడి బతుకుతుంది, గాలి వాటంలో కిలోమీటర్ల దూరం పోతుంది. మన తీరం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు! నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు మేకల ఫారాల నుంచి ఇలాగే పాకి 4 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. మేకను ముట్టని వాళ్ళకూ వచ్చింది. చివరికి అక్కడి ప్రభుత్వం సూడి మేకలను వేల సంఖ్యలో చంపించింది. నాలుగు మేకల మీద బతికే మన రైతుకు అలాంటి గతి పట్టకూడదు.

మనం మాయను ఏం చేస్తున్నాం? కొందరు గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కడతారు. కొందరు తోట గట్టున పారేస్తారు. రాత్రికి కుక్కలో, నక్కలో వచ్చి ఈడ్చుకుపోతాయి. అంటే అడవి నుంచి వచ్చిన క్రిమిని మళ్ళీ మనమే అడవికి సాగనంపుతున్నాం. ఈ అలవాటు మానాలి. మాయను, చచ్చి పుట్టిన పిల్లను వట్టి చేతులతో పట్టకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, ఇంటికి, నూతికి దూరంగా మూడు నాలుగడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి. పైన ముళ్ళకంప వేస్తే కుక్కలు తవ్వవు. నేలను పొడిగా ఊడవకండి, నీళ్ళు చల్లి తడిపాకే ఊడవండి. ఆ సాల ఎరువును వెంటనే జీడిమొక్కలకు చల్లకుండా మూడు నెలలు కప్పి మాగనివ్వండి. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్ళు పురుడు పోసే చోటికి అసలు రావద్దు. మేకపాలు పచ్చివి తాగితే బలమని అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాట వినకండి, కాచే తాగండి. పిడుదులను వేలితో నలిపే అలవాటూ మంచిది కాదు.

మందలో ఒకటి తర్వాత ఒకటి ఈసుకుపోతే ‘దిష్టి’ అని ఊరుకోవద్దు. బ్రూసెల్లా అనే జబ్బులోనూ ఇలాగే జరుగుతుంది, అది మరింత మామూలు. రెండింటిలో ఏదో రక్తపరీక్షలోనే తేలుతుంది. పశువుల డాక్టరుకు చెప్పండి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయండి.

ఇక మనుషుల సంగతి. క్రిమి సోకిన రెండు మూడు వారాలకు తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, చెమటలు, ఒళ్ళునొప్పులు, పొడి దగ్గు వస్తాయి. సోకిన వారిలో సగం మందికి ఏమీ తెలియదు కూడా. కొద్దిమందిలో మాత్రం నెలల తర్వాత గుండె కవాటాలను పట్టుకుంటుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. మలేరియా, టైఫాయిడ్ అనుకుని రోజులు గడిపేయడమే అసలు ప్రమాదం. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మందు రెండు వారాలు వాడితే నయమవుతుంది. గర్భిణులకు వేరే మందు ఇస్తారు. అందుకే డాక్టరు చెప్పకుండా ఎవరూ మింగకూడదు. కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు నలిగిన ఉద్దానంలో జ్వరం వచ్చిందని కొట్లో నొప్పి బిళ్ళలు కొని వేసుకోవడం ఇంకా తప్పు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక్క మాట మీరే ముందుగా చెప్పండి: ‘మూడు వారాల కింద మా మేక ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను’ అని. ఆ మాట వింటే డాక్టరు ఎటు వెతకాలో అటు వెతుకుతాడు.