శిక్షణ గ్రాంటు పొందిన సంఘములు – ప్రగతి నివేదికలు

గ్రామములలోని యువతీయువకులకు ఏదో ఒక వృత్తిలో శిక్షణ ఇచ్చి, ఉద్యోగము గాని స్వయం ఉపాధి గాని చూపుటకు ప్రభుత్వము కొన్ని పథకముల క్రింద గ్రాంటులు ఇచ్చుచున్నది. ఈ శిక్షణను పెక్కు పథకములలో ప్రభుత్వము స్వయముగా నడపదు. రిజిస్టరయిన సంఘములు, ట్రస్టులు, కంపెనీలు గ్రాంటు పుచ్చుకొని శిక్షణ నడపును. ఇట్టి సంఘముల కార్యవర్గములలో రైతులు సభ్యులుగా ఉందురు. ఈ కేంద్రములకు పిల్లలను పంపువారిలోను రైతులే ఎక్కువ. కావున గ్రాంటు పుచ్చుకొనిన వారు ప్రభుత్వమునకు ఏ లెక్కలు చెప్పవలెనో, ఎందుకు చెప్పవలెనో రైతులు తెలిసికొనుట మంచిది.

నివేదిక ఎందులకు?

ప్రగతి నివేదికను ఆఫీసువారి కొరకు నింపెడి కాగితమని చాలమంది అనుకొందురు. ఇది పొరపాటు. పాల సంఘములో పూటపూటకు పాలు కొలిచి, వెన్న శాతము చూచి, పుస్తకములో వ్రాయుదురు. నెలాఖరున రైతుకు డబ్బు లెక్కగట్టునది ఆ పుస్తకమును బట్టియే గదా! శిక్షణ గ్రాంటు సంగతియు ఇంతే. వచ్చిన గ్రాంటు ఎంత పని చేసినదో నివేదిక చూపిన పిమ్మటనే తరువాతి విడత విడుదలయగును. నివేదిక ఆలస్యమైనచో విడత ఆలస్యమగును. విడత ఆగినచో ఉపాధ్యాయుల జీతములు, వసతిగృహములో భోజనము, పరికరముల కొనుగోలు అన్నియు చిక్కున పడును. నష్టపడువాడు చివరకు శిక్షణలో నున్న కుర్రవాడే.

ఒక పథకము – దాని విడతలు

దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ఉదాహరణగా తీసికొందము. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ దీనిని 2014 సెప్టెంబరు 25న ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ సంస్థ, తెలంగాణలో ఈ.జి.ఎం.ఎం. సంస్థ దీని అమలు చూచినవి. 2016లో వెలువడిన మార్గదర్శకముల ప్రకారము గ్రాంటు నాలుగు విడతలుగా ఇచ్చుటకు ఏర్పాటు చేయబడినది. మొదటి విడత 25 శాతము, రెండవది 50 శాతము, మూడవది 15 శాతము, నాలుగవది 10 శాతము. అనగా మొదటి విడతకు తగిన లెక్క చూపినవారికే పెద్ద విడత అందును.

శిక్షణ పొందినవారిలో 70 శాతమునకు తగ్గకుండ ఉద్యోగములు చూపవలెనని ఆ మార్గదర్శకములు విధించినవి. ఉద్యోగమనగా నియామకపు కాగితము చేతికిచ్చుట మాత్రమే కాదు. నెలకు కనీసము 6,000 రూపాయల జీతముతో మూడు నెలలు పనిలో నిలువవలెను. జీతపు చీటీలు గాని, జీతము జమయైన బ్యాంకు లెక్క గాని ఇందుకు ఆధారముగా చూపవలెను. హాజరును ఆధార్‌తో ముడిపెట్టిన వేలిముద్ర యంత్రముపై నమోదు చేయవలెను. మొత్తము స్థానములలో షెడ్యూల్డు కులములు, తెగలవారికి 50 శాతము, అల్పసంఖ్యాక వర్గములవారికి 15 శాతము, స్త్రీలకు మూడవ వంతు కేటాయింపబడినవి గనుక, నివేదికలో ఆ అంకెలను విడివిడిగా చూపవలసియుండును.

పథకముల షరతులు అప్పుడప్పుడు మారుచుండును. కావున ప్రతి సంఘమును తన మంజూరు ఉత్తరువును, దానికి జతచేసిన షరతులను పూర్తిగా చదివి, ఏ నివేదిక ఏ తేదీకి పంపవలెనో ఒక పట్టిక వ్రాసి ఆఫీసు గోడకు అంటించుకొనవలెను.

అయిదు అంకెలు

ఏ పథకమైనను పనిలోని ప్రగతిని తెలుపునవి అయిదు అంకెలు: చేరినవారు, మధ్యలో మానినవారు, శిక్షణ ముగించినవారు, ఉద్యోగములో చేరినవారు, ఉద్యోగములో నిలిచినవారు. ఈ అయిదింటిని కలగాపులగము చేయరాదు.

ఒక బృందములో 35 మంది చేరినారనుకొందము. నలుగురు మధ్యలో మానినారు. 31 మంది శిక్షణ ముగించినారు. 25 మంది ఉద్యోగములలో చేరినారు. మూడు నెలలు నిండునాటికి 22 మంది మిగిలినారు. ఉద్యోగములో చేరినవారిని లెక్కించినచో 31 మందికి 81 శాతము. మూడు నెలలు నిలిచినవారిని లెక్కించినచో 71 శాతము. మొదట చేరిన 35 మందితో పోల్చినచో 63 శాతమే. మూడును ఒకే బృందము లెక్కలు. ఏ అంకెను దేనితో పోల్చినారో వ్రాయని నివేదిక చదువువారిని తప్పుదారి పట్టించును. అయిదు అంకెలను వరుసగా వ్రాసినచో సందేహమునకు తావుండదు.

కారణము వ్రాయవలెను

తగ్గిన అంకెను దాచిపెట్టుట కొందరి అలవాటు. ఇది ఆకుమచ్చ కనబడగానే చేనివైపు పోవుట మానినట్లుండును. తెగులు మాత్రము ఆగదు. "హాజరు తగ్గినది, తగు చర్యలు తీసికొనుచున్నాము" అని వ్రాసినందువలన ఎవరికిని ప్రయోజనము లేదు. ఇట్లు వ్రాయవలెను: "జూలై రెండవ పక్షములో 35 మందిలో 9 మంది వరినాట్లకు ఇండ్లకు పోయినారు. 7 గురు తిరిగి వచ్చినారు. ఇద్దరి తల్లిదండ్రులకు కబురు పంపినాము. తప్పిపోయిన పాఠములను ఆదివారములలో చెప్పుచున్నాము." ఇట్టి నివేదిక చదివిన అధికారి తరువాతి బృందమును నాట్లు ముగిసిన పిమ్మట ప్రారంభింపుమని సలహా చెప్పగలడు. సకాలములో వ్రాసిన చెడు వార్త సరిదిద్దుకొనుటకు అవకాశమిచ్చును. తనిఖీలో బయటపడిన చెడు వార్త నమ్మకమును పోగొట్టును.

డబ్బు లెక్క

పని లెక్కతోపాటు డబ్బు లెక్కయు చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వ గ్రాంటులకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు వర్తించును. వీని ప్రకారము సంఘములు వినియోగ ధ్రువపత్రమును 12–ఎ అను నమూనాలో పంపవలెను. అంతకు ముందు 2005 నాటి నియమములలో ఇది 19–ఎ నమూనాగా నుండెడిది. ఒక్కసారి ఇచ్చెడి గ్రాంటునకు, ఆ ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలోగా ఈ పత్రమును పంపవలెను. అనగా 2024–25లో వచ్చిన గ్రాంటునకు 2026 మార్చి 31 గడువు. మంజూరు ఉత్తరువులో ఇంతకంటె తక్కువ గడువు పెట్టినచో దానినే పాటింపవలెను.

ఈ నమూనాలో ముందటి నిలువ, వచ్చిన గ్రాంటు, దానిపై వడ్డీ, ఖర్చు, మిగిలినది చూపవలెను. సంఘము అధిపతియు, లెక్కల అధికారియు సంతకము చేయవలెను. ఉదాహరణకు 10,00,000 రూపాయలు వచ్చి, 7,35,600 రూపాయలు ఖర్చయినచో, గ్రాంటులో మిగిలినది 2,64,400 రూపాయలు. బ్యాంకులో ఉన్నంత కాలము 12,400 రూపాయల వడ్డీ పెరిగినదనుకొందము. ఆ వడ్డీ సంఘమునకు చెందదు. లెక్కలు ఖరారు కాగానే దానిని ప్రభుత్వ ఖజానాకు జమకట్టవలెను. దీనిని ఖర్చులో కలుపుకొనుట తరచుగా జరిగెడి పొరపాటు.

ఇంకొక పొరపాటు, ముట్టజెప్పిన అడ్వాన్సును ఖర్చుగా వ్రాయుట. వసతిగృహము వానికి మూడు నెలల అద్దె ముందుగా ఇచ్చినచో, ఆ నెలలు గడచి రసీదు వచ్చువరకు అది అడ్వాన్సే. గ్రాంటు డబ్బుతో కొన్న కుట్టుమిషన్లు, కంప్యూటర్లు మొదలగువానిని ప్రత్యేక రిజిస్టరులో ఎక్కించవలెను. అనుమతి లేకుండ వానిని అమ్మరాదు. మంజూరు చేసిన శాఖవారును, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారును ఈ లెక్కలను తనిఖీ చేయవచ్చును.

స్వయం ఉపాధి శిక్షణ

పాడి, కోళ్ల పెంపకము, పుట్టగొడుగులు, కుట్టుపని వంటివానిలో నెల జీతముండదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ప్రారంభమైన రుడ్‌సెట్ సంస్థ నమూనాపై, బ్యాంకులు జిల్లాలలో నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఏర్పడినవి. వీనిలో శిక్షణ పొందినవారిని రెండు సంవత్సరములు వెంబడించి చూచెడి పద్ధతి కలదు. ఇచ్చట ప్రగతి అనగా పని మొదలుపెట్టినాడా, అప్పు దొరికినదా, పని నిలదొక్కుకొన్నదా అను మూడు ప్రశ్నలకు సమాధానము. ఇద్దరు గేదెలను కొన్న యువకుని పేరు వ్రాసి ఊరకుండరాదు. ఆరు నెలల తరువాత ఆ గేదెలు పాలిచ్చుచున్నవా, అప్పు వాయిదాలు కట్టుచున్నాడా అని విచారించి వ్రాయవలెను.

తల్లిదండ్రులు చేయదగినది

పిల్లలను పంపిన రైతులు శిక్షణ కేంద్రమునకు ఒక్కసారియైనను పోయి, ముగించిన బృందములలో ఎందరు మూడు నెలలు పనిలో నిలిచినారని అడుగవలెను. మీ బిడ్డ ఇంటికి వచ్చిన దినములలో హాజరు పడుచున్నదా, చేరని ఉద్యోగమునకు సంతకము పెట్టమని అడుగుచున్నారా అని తెలిసికొనుడు. అబద్ధపు హాజరునకు, అబద్ధపు ఉద్యోగమునకు సంతకము పెట్టనీయకుడు. రికార్డులో ఉద్యోగము దొరికినట్లు వ్రాసినచో, నిజముగా పనిలేని బిడ్డ లెక్కలో కనబడడు. అతనికి పని చూపవలసిన అవసరము ఎవరికిని తోచదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. హాజరు, ఖర్చు ఏరోజుది ఆరోజే వ్రాయవలెను. నెలాఖరున జ్ఞాపకము మీద వ్రాయరాదు.
2. గ్రాంటునకు ప్రత్యేకముగా బ్యాంకు ఖాతా, నగదు పుస్తకము ఉంచవలెను. వోచర్లకు వరుస సంఖ్య వేయవలెను.
3. అయిదు అంకెలను విడివిడిగా చూపవలెను. తగ్గినచోట కారణము వ్రాయవలెను.
4. మూడు నెలలు పనిలో నిలిచినదానికి ఆధారములను ప్రతి నెల సేకరించవలెను. అభ్యర్థి ఊరు మారిన తరువాత అవి దొరకవు.
5. వడ్డీని ప్రభుత్వమునకు జమకట్టవలెను. అడ్వాన్సులను ఖర్చుగా చూపరాదు.
6. పంపిన ప్రతి నివేదిక నకలును, అందినట్లు రసీదును భద్రపరచుకొనవలెను.

ఈ పనికి దినమునకు ఒక అరగంట చాలును. దినదినము పుస్తకము నింపిన సంఘమునకు నివేదిక తేదీ భయము కలిగింపదు. విడత సకాలములో అందును. శిక్షణకు వచ్చిన పిల్లలును మధ్యలో ఆగకుండ పని నేర్చుకొని పోవుదురు.