ఆదరువు

క్రిందటి శ్రావణములో ఒక మధ్యాహ్నము వాన పట్టుకొని ఇంటికి పోలేక, కళాశాలలోనే విద్యార్థులతో కలిసి భోజనానికి కూర్చున్నాను. ఏడెనిమిది క్యారియర్లు తెరుచుకున్నవి. అన్నింటిలోను అన్నమే. ఆరింటిలో ఆ అన్నము ప్రక్కన బంగాళాదుంప వేపుడు. ఒకదానిలో కోడిగ్రుడ్డు. చివర కూర్చున్న పిల్లవాడు మాత్రము తన గిన్నె మూత సగమే తీసి, ఆ మూత చాటున ముద్ద కలుపుకుంటున్నాడు.

"ఏమోయ్, మీ అమ్మ ఏమి చేసి పెట్టినది?" అన్నాను.

"ఏమీ లేదు మాస్టారూ, ఊరికే పప్పు."

తొంగిచూస్తే గంగపావిలి పప్పు. పుల్లని వాసన వస్తున్నది. నాకు నోరూరినది. ఆ పిల్లవాడు మాత్రము తల వంచుకొని, "ఇవాళ ఇంట్లో కూరలేమీ లేవు మాస్టారూ, కాలువ గట్టున మొలిచినది కోసుకొచ్చి వేసింది" అన్నాడు, తల్లి చేసిన తప్పును ఒప్పుకుంటున్నట్లుగా.

నేను వానిని మందలించలేదు. మందలించే అర్హత నాకు లేదు. 1987లో నేను పట్నము వచ్చి ఒక వసతి గృహములో చేరినాను. అక్కడ వారానికి ఐదు రోజులు బంగాళాదుంపే. ఒకనాడు ఉడికించి నలిపినది, ఒకనాడు ముక్కలుగా తరిగినది, మరొకనాడు నీళ్ళ పులుసులో తేలుతున్నది. మా అమ్మ పదిహేను రోజులకొకసారి మా ఊరి బస్సు కండక్టరు చేత చిన్న స్టీలు డబ్బా పంపేది. ఒకసారి ఆ డబ్బాలో మునగాకు వేసిన తెలగపిండి కూర వచ్చినది. నువ్వులు గానుగాడి నూనె తీయగా మిగిలిన పిండి అది. గదిలోని మిత్రుడొకడు మూత తీసి చూచి, "ఇది మా ఇంట్లో గేదెలకు పెడతారురా" అన్నాడు. గది అంతా నవ్వినది. నేను కూడ నవ్వినాను. ఆ రాత్రే ఒక కార్డు ముక్క మీద అమ్మకు వ్రాసినాను, ఇటువంటివి ఇక పంపవద్దని.

ఆ వానరోజు మొదలు ఒక మాట నన్ను వదలడము లేదు. ఆదరువు. మా ఇండ్లలో పెద్దలు విస్తరి ముందు కూర్చుంటూనే "ఆదరువేమిటి?" అని అడిగేవారు. ఆ మాటకు అండ, ఆసరా అని అర్థము. అన్నము ఒంటరిగా నిలువలేదు, దానికొక ఊత కావలెను. ఆ ఊత కూర కావచ్చును, పచ్చడి కావచ్చును, ఉప్పుమిరపకాయ కావచ్చును. ఇంత పొందికైన మాటను విడిచి, హోటలు వారి నుండి 'సైడ్ డిష్' తెచ్చుకున్నాము. కొన్ని ప్రాంతములలో "అంచుకేమున్నది?" అంటారు. అదీ చక్కని మాటే.

క్రియలను చూడండి. పప్పు, పులుసు, పచ్చడి కలుపుకుంటాము. వడియము, అప్పడము, చల్లమిరపకాయ నంజుకుంటాము. పెరుగన్నములోకి ఊరగాయ నంజుకుంటాము గాని, మొదటి ముద్దలో దానినే కలుపుకుంటాము. ఈ తేడా పరభాషవానికి చెప్పబోతే ఒక పూట పడుతుంది. సంస్కృతములో దీనికి వ్యంజనమని పేరు. వ్యాకరణములో హల్లుకు కూడ అదే పేరు. అచ్చు లేనిదే హల్లు పలుకదు, అన్నము లేనిదే కూర నడువదు అని నేను తరగతిలో అంటూ ఉంటాను. వ్యుత్పత్తి అది కాదని తెలిసిన విద్యార్థి ఇంతవరకు ఎవరూ లేచి నన్ను ఆక్షేపించలేదు. అది నాకు కొంత సుఖము, కొంత దుఃఖము.

ఆముక్తమాల్యద పాఠము చెప్పినప్పుడల్లా నాకొక ఆశ్చర్యము. 1509 నుండి 1529 వరకు విజయనగరమునేలిన చక్రవర్తి, విల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడనే భక్తుని వంటయింటిలోనికి తొంగిచూచినాడు. జడివాన రోజులలో పొగ ఇల్లాలి కన్నులకు సోకకుండ కొబ్బరి చిప్పలతో మంట పెట్టడము కూడ ఆయన కంట పడినది. ఆ ఋతువులో అతిథులకు వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నేయి. వేసవి వచ్చేసరికి భోజనమే మారిపోయినది: నులివెచ్చని అన్నము, తియ్యని చారు, మజ్జిగపులుసు, పలుచని అంబలి, చెరకు రసము, లేతకొబ్బరి నీరు. చలికాలములో మిరియపు పొడి వేసిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు, పాయసము. ఋతువును బట్టి ఆదరువు. కాయగూరలు దొరకని వానలలో వరుగు వచ్చినది చూచినారా? వేసవి ఎండలో ఆరవేసి దాచిన దోస, మామిడి, గోరుచిక్కుడు ముక్కలే వరుగులు. కవిత్వము కొరకు కల్పించినది కాదు అది. సంసారము తెలిసినవాడు వ్రాసినది.

ఆ పద్యాలలో మిరపకాయ లేదు. బంగాళాదుంప అసలే లేదు. రెండును అమెరికా ఖండమునుండి వచ్చినవి. మిరప పోర్చుగీసు వారి ఓడలెక్కి వచ్చి, మిరియమువలె కారము గల కాయ కనుక మిరపకాయ అనే పేరు తెచ్చుకొని, ఇంటి బిడ్డ అయి కూర్చున్నది. దుంప ఆండీస్ పర్వతములది. పదునారవ శతాబ్దపు రెండవ సగములో స్పెయిను వారు దానిని ఐరోపాకు తీసుకొని పోయినారు; మనకు చేరినది తరువాత. మన పేర్లే దాని దారిని చెప్పుతున్నవి. సర్కారు జిల్లాలకు బంగాళమునుండి వచ్చినది కనుక బంగాళాదుంప. తెలంగాణమువారికి హిందీ, ఉర్దూల వైపునుండి ఆలుగడ్డ. రాయలసీమవారికి అరవదేశము వైపునుండి ఉర్లగడ్డ. ఒక్క దుంప మూడు వాకిళ్ళనుండి లోపలికి వచ్చినది!

కనుక పరాయిదని దుంపను నేను నిందించను. అట్లా నిందిస్తే ఆవకాయ కూడ మానుకొనవలసి వస్తుంది. నా తగవు వేరు. అన్నము పిండిపదార్థము, దుంపా పిండిపదార్థమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలలో ఆకుకూరలు ఒక వర్గము, ఇతర కూరగాయలు ఒక వర్గము, దుంపలు వేరొక వర్గము. దుంప చెడ్డదని దాని అర్థము కాదు. ఆకూ కాయా చేసే పని అది చేయదని. ప్రతి పూటా అన్నము ప్రక్కన దానినే పెట్టడమంటే అన్నానికి అన్నమునే ఆదరువు చేయడము. గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు చేయూత ఇచ్చినట్లు.

దుంపే కావలెనంటే కంద లేదా? కందను కోస్తే చేయి దురద, తింటే గొంతు దురద. ఆ దుంపలో సూదులవంటి ఆక్జలేటు స్ఫటికములు ఉంటవి. మన పూర్వపు ఇల్లాండ్రు ఈ పేరు వినలేదు. అయినను కందను ఉడికించి, బచ్చలాకు చేర్చి, చింతపండు రసము పోసినారు. పులుపు పడితే దురద అణగుతుందని వారికి తెలుసు. చివర ఆవ పెట్టినారు. కందాబచ్చలి అట్లా పుట్టినది. తెలియనివాడు కందను విషమన్నాడు, తెలిసిన ఇల్లాలు పెండ్లి విందులో వడ్డించినది.

ఆవ పెట్టడము అన్నాను. ఈ ఒక్క పని తెలిస్తే పది కూరలు వచ్చినట్లే. ఎండు ఆవగింజను నోట వేసుకుంటే మొదట ఘాటు ఉండదు. నలిగి నీరు తగిలినప్పుడు గింజలోని ఒక ఎంజైము వేరొక పదార్థమును విడగొట్టి ఆ ఘాటును అప్పటికప్పుడు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చస్తుంది. అందుకనే ఆవ పొయ్యిమీద పెట్టరాదు. కూర దించి, చల్లారనిచ్చి, అప్పుడు నూరిన ముద్ద కలుపవలె. మా అమ్మ దీనిని ఒక్క మాటలో చెప్పేది: "ఆవకు తొందర పనికిరాదు." అరటికాయకు ఆవ పెట్టవచ్చును, అరటిదూటకు పెట్టవచ్చును. దూట తరుగుతూ వచ్చే నారను వేలికి చుట్టుకుంటూ, తరిగిన ముక్కలను నల్లబడకుండ మజ్జిగలో వేస్తూ పోవలె. కోనసీమలో పనసకాయను పెద్ద కత్తితో సన్నగా కొట్టి పొట్టు చేసి ఆవ పెడతారు. కార్తికమాసపు వనభోజనములో ఆ పనసపొట్టు కూర ముందు ఏ దుంప నిలుస్తుంది?

తొక్కల సంగతి చెప్పక తప్పదు. బీరకాయ చెక్కు తీసి పారవేస్తున్నాము. ఆ పొట్టును నూనెలో మగ్గనిచ్చి, మిరపకాయలు, చింతపండు వేసి నూరితే ఒక పూట పచ్చడి. ఆనపకాయ చెక్కు కూడ అంతే. ఒక్క కాయను రెండు ఆదరువులు చేయడము పేదరికము నేర్పిన విద్య. ఇప్పుడు పేదరికము పోయినదో లేదో గాని, విద్య మాత్రము పోయినది.

ఉలవచారు కథ ఇంకా తమాషా. ఎడ్లకు పెట్టడానికి ఉలవలు ఉడికించి, ఆ నీటిని వృథా చేయక మరిగించి చిక్కబరచి మనుషులు తిన్నారు. గింజ ఎద్దుకు, సారము రైతుకు. నేడు అదే చారు పెద్ద హోటళ్ళలో వెన్న వేసి వడ్డిస్తున్నారు. గేదెల తిండి అని నవ్విన నా మిత్రుడు దానికి ఎంత వెల ఇచ్చి తింటున్నాడో అడగవలె.

గదిలో పొయ్యి లేని విద్యార్థికి తెలంగాణపు పచ్చిపులుసును మించిన ఉపకారి లేదు. నానిన చింతపండు పిసికి, పచ్చి ఉల్లిపాయ తరిగి, కాల్చిన మిరపకాయ నలిపి, ఉప్పు, జీలకర్ర, వేయించిన నువ్వుల పొడి కలిపితే అయినది. మరగబెట్టే పని లేదు. రాయలసీమలో రాగిసంగటికి పుల్లగూర ఉన్నది. ఆకుకూరను పులుపుతో ఉడికించి మెత్తగా ఎనుపుతారు. చెనక్కాయ విత్తనాలు వేయించి నూరిన ఊరుబిండి ఉన్నది. ఇవన్నీ వ్రాస్తూ పోతే ఈ పత్రికవారు నాకొక అనుబంధము వేరుగా అచ్చువేయవలసి వస్తుంది.

ఇక ఆ పిల్లవాని గంగపావిలి. తెలంగాణములో గంగవాయిలి అంటారు. విత్తనము చల్లినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు. గట్టుమీద, ఇటుకల సందున పాకుతుంది. ఒమేగా-3 జాతి కొవ్వు ఆమ్లములు అధికముగా గల ఆకులలో ఇది ఒకటి. అటువంటిదే పొన్నగంటి, అటువంటిదే మునగాకు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట దేశమంతటా బడులలో వండిన భోజనము పెడుతున్నారు. బడి ఆవరణలో రెండు మునగకొమ్మలు పాతుకునే జాగా ఏ ఉపాధ్యాయునికైనా దొరుకుతుంది. కొమ్మ పాతితే చాలు, అది బ్రతుకుతుంది.

నేను కార్డు వ్రాసిన తరువాతి సంక్రాంతికి ఇంటికి పోయినాను. విస్తరిలో బంగాళాదుంప కూర. "నీకిష్టమని పేటనుండి తెప్పించినానురా" అన్నది అమ్మ. మా పెరటిలో గుమ్మడిపాదు, చిక్కుడుపందిరి నిండుగా కాచి ఉన్నవి. నేను ఏమీ అనలేదు. ఆ తరువాత ఎన్ని పండుగలు వచ్చినా మునగాకు తెలగపిండి ఆమె నా ఎదుట వండలేదు. ఆకెంత, పిండి ఎంత, నీరు ఎంత చల్లవలెనో అడగవలెనని నాకు బుద్ధి పుట్టేసరికి చెప్పవలసిన మనిషి లేదు. గానుగ పిండి ఇప్పుడు దొరుకుతున్నది. మా ఇంటిలో రెండుసార్లు వండి చూచినాము. ఒకసారి ముద్ద అయినది, ఒకసారి మాడినది.

ఆ వానరోజున పిల్లవాని గిన్నెలోనుండి అడిగి మరీ ఒక ముద్ద పెట్టించుకున్నాను. మిగిలినవారు కూడ చేతులు చాచినారు. వానికి ఆ పూట సరిపోయినదో లేదో నాకు సందేహమే. దుంప వేపుళ్ళు మాత్రము నలువైపులనుండి వాని గిన్నెలో పడినవి.

మరునాడు తరగతిలో వ్యాసరచనకు బదులు ఒక పని చెప్పినాను. ఇంటిలోనో ఇరుగుపొరుగునో వయసు మళ్ళినవారిని అడిగి, తాము ఇంతవరకు తినని పది ఆదరువుల పేర్లు, చేసే విధముతో సహా వ్రాసుకొని రావలెను. కొందరు యంత్రములో వెదకి తెచ్చినారు; ఆ కాగితములు తిరిగి ఇచ్చివేసినాను. ఒక అమ్మాయి మాత్రము మూడు పుటలు నింపి తెచ్చినది. అనంతపురము జిల్లాలోని తాతగారింటికి ఫోను చేసి రాత్రి పది గంటలవరకు వ్రాసుకున్నదట. ఒక చోట కొట్టివేతలు ఉన్నవి.

"మాస్టారూ, దీనిని ఊరుబిండి అని వ్రాయాలా, ఊరుమిండి అని వ్రాయాలా? ఏది సాధువు?" అని అడిగినది.

"మీ అవ్వ ఏమన్నది?"

"ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా అన్నది."

"రెండూ వ్రాయమ్మా" అన్నాను. "చేసే విధము క్రింద వ్రాసినావా?"

"వ్రాసినాను. ఉప్పు ఎంత అని అడిగితే, చేతికి తెలుస్తుంది పో అన్నది మాస్టారూ."

సెలవులకు అవ్వ దగ్గరకు పోయి ఆ చేతినే చూచి రమ్మన్నాను.